వెలిగారంతో వేసిన అతుకు

3-7-2009, శుక్రవారం. నంద్యాల.

కన్నకూతురే అయినా వాణి పని లేనిదే ఫోను చేయదు. ఈ రోజు పదకొండు గంటలకు ఆళ్లగడ్డ నుంచి చేసి ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది.

బళ్ళారి గుడివాళ్ళు అల్లుడు సురేంద్ర దగ్గర చేయిస్తున్న చౌడేశ్వరి విగ్రహం సగానికి పైగా పూర్తయింది. దాని ముఖం చెక్కుతున్నది మా మనవరాలు రజిని అని వాళ్ళకు ఇప్పుడే తెలిసింది. ఇరవై ఒక్క ఏళ్ల ఆడపిల్ల అమ్మవారి ముఖం మీద ఉలి పెట్టడమేమిటని కమిటీలో గొడవ. పని ఆపించి వేరే శిల్పికి అప్పగించాలని సగం మంది అంటున్నారట. వాళ్ళ పెద్దాయన లక్ష్మీనారాయణ గారు మాత్రం, ఆ పిల్ల చెక్కుతుండగా గంటసేపు చూసి చెబుతానన్నారు. వచ్చి చూడవలసిన ఆయనేమో తుంటి విరిగి మంచంలో ఉన్నారు. కంప్యూటరులో చూపిస్తే చాలన్నారు.

"నెట్ సెంటరుకు పోయి చూపించండి," అన్నాను.

"అయిదున్నర అడుగుల రాయిమా అది. సెంటరుకు యాడ మోసకపోయేది?"

"ల్యాప్‌టాపుకు డేటా కార్డు పెట్టుకొని షెడ్డులోనే చూపించండి."

"పెట్టి చూసినాం. రేకుల కింద ఒక్క గీత కూడా రాదు. రేకుల పైకెక్కి కార్డు పట్టుకుంటే నాలుగు గీతలు వస్తాండాయి. రాయి కింద, సిగ్నలు పైన. ఏం చేసేది మా?"

ఏం చేయాలో నాకు తెలుసు. కార్డును పైన ఒక చిన్న రూటరుకు తగిలిస్తే, అది కిందికి వైర్లెస్సులో పంపుతుంది. అంత ఎత్తున కరెంటు ఉండదు కాబట్టి రూటరు బ్యాటరీ మీద నడవాలి. ఇదంతా నేను వాణికి చెప్పలేదు.

రజిని ఆరో తరగతి నుంచి బి.ఎస్సీ. దాకా ఈ ఇంట్లోనే చదివింది. బి.ఇడి. సీటు వచ్చిన కాగితం చింపేసి, వాళ్ళ నాయన పక్కన కూర్చుని రాయి కొట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను అనవలసింది అన్నాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఒక సంవత్సరం పందొమ్మిది రోజులు. లెక్క ఉండాలని రాస్తున్నాను, అంతే.

కాబట్టి ఈ వ్యవహారం నాది కాదు.

4-7-2009

మూలన పడేసిన యూపీఎస్ విప్పి బ్యాటరీ తీశాను. 12.4 వోల్టులు. ఊరికే కొలిచాను. ఇంట్లో మీటరు పెట్టుకుని కొలవకుండా ఉండడమెందుకు.

6-7-2009, సోమవారం

గాంధీ చౌకు దాకా నడక. గురవయ్య రేడియో షాపులో ఇప్పుడు రేడియోలు రెండే ఉన్నాయి, మిగతావన్నీ సెల్‌ఫోన్లు. నేను స్కూల్లో సైన్సు ఫెయిరుకు పిల్లల చేత రేడియోలు కట్టించిన రోజుల నుంచీ సామాను ఇతని దగ్గరే.

"టీచరమ్మా! రిటైరై పదేండ్లాయ, మళ్ళా సైన్సు ఫెయిరా?"

"డేటా కార్డు పెట్టుకునే రూటరు కావాలి. బ్యాటరీ మీద నడవాలి."

"ఎవురికి?"

"ఎవరికీ కాదు. కట్టి చూద్దామని."

అతను నమ్మలేదు. నమ్మకపోయినా రూటరు తీసి చూపించాడు. పని తేలికే. గోడలోని కరెంటును అడాప్టరు పన్నెండు వోల్టులు చేసి దీనికి ఇస్తుంది. అడాప్టరు పీకేసి బ్యాటరీనే తగిలిస్తే దీనికి తేడా తెలియదు. తగిలించేది రెండే తీగలు, రెండే అతుకులు.

బయలుదేరుతుంటే చిన్న రేకు డబ్బీ నా సంచిలో వేశాడు. "అతుకేసే ముందు ఈ పేస్టు రవ్వంత పుయ్యండి. లేకుంటే టంకం పట్టదు."

"గురవయ్యా, నేను కంసాలి బిడ్డను. అతుకు వేయడం నాకు నువ్వు చెప్పాలా?"

"బంగారం వేరే, ఇది వేరే టీచరమ్మా."

"అతుకు ఎక్కడైనా అతుకే."

మర్యాదకు డబ్బీ తిరిగి ఇవ్వలేదు. మా నాయన కుంపటి ముందు కూర్చుని, అతుకు పట్టడానికి వెలిగారం తడిపి రాసి, ఊదుగొట్టంతో మంట మళ్ళించి ముక్కుపుడక అతికేవాడు. భూతద్దం పెట్టి వెతికినా అతికిన చోటు కనిపించేది కాదు. ఆయన వెలిగారం బరిణె నా దగ్గరే ఉంది.

8-7-2009

అతుకులు వేశాను. వెలిగారం పూసి టంకం పెడితే మొదట పూసలా ఉండ కట్టి పక్కకు దొర్లింది. రెండోసారీ అంతే. ఇంకొంచెం టంకం పోస్తే మూడోసారి నిలిచింది. ఈ సోల్డరింగ్ ఐరన్ పిడి మరీ లావు, చేతిలో కుదురుగా నిలవదు.

బ్యాటరీ: 12.4. అతుకు: బాగుంది.

9-7-2009

పిడికి గుడ్డ చుట్టాను. ఇప్పుడు మరీ సన్నమైనట్టుంది.

11-7-2009, శనివారం

బ్యాటరీ, రూటరు, కార్డు అన్నీ స్టీలు టిఫిన్ డబ్బాలో అమర్చి మూత బిగించాను. చూడడానికి ముచ్చటగా ఉంది. ముందు గదిలో పెట్టి, పక్కింటి వాళ్ళ ల్యాప్‌టాపు తీసుకుని వంటింట్లో కూర్చున్నాను. ఏమీ రాలేదు. నడవాలోకి వచ్చాను. రాలేదు. డబ్బా ఎదురుగా కూర్చున్నా రాలేదు.

సాయంత్రం వాణి ఫోను చేస్తే, ఏదో మాటల్లో వచ్చి చెప్పాను. వెనక నుంచి ఉలి చప్పుడు ఆగి, రజిని గొంతు వినిపించింది.

"అమ్మా, అవ్వకు చెప్పు. స్టీలు డబ్బాలో పెట్టి మూతేస్తే తరంగాలు యాడికి పోతాయ్? నా తొమ్మిదో తరగతిలో రేడియోను అన్నం గిన్నెలో పెట్టి మూతేసి అవ్వే చూపించె గదా. రేడియో నోరు మూసుకునె. మర్చిపోయిందేమో కనుక్కో."

"ఏందీ, వింటివా మా?" అంది వాణి.

"లైను సరిగా లేదు," అన్నాను.

డబ్బా మార్చాను. మరమరాలు పోసుకునే ప్లాస్టిక్ డబ్బా ఖాళీ చేసి అందులో సర్దాను. స్టీలు బరువెక్కువ, పైకి ఎక్కించడం కష్టం. అందుకే మార్చాను.

వంటింట్లో అయిదు గీతలు.

15-7-2009, బుధవారం

మొదటి పరీక్ష. ఉదయం 10-10కి మొదలు, 10-57కి ఆగిపోయింది. నలభై ఏడు నిమిషాలు. గంట కావాలి.

గురవయ్య ఇటు ఏదో పని మీద వచ్చానంటూ వచ్చాడు. ఏ పనీ లేదు, ఇది చూడడానికే వచ్చాడు. మూత తీసి ప్లస్ తీగ దగ్గర వేలు పెట్టాడు.

"ఈడ కాల్తాంది. మీరూ ఏలు పెట్టి చూడండి. పోవాల్సిన కరెంటు సగం ఈన్నే నిలబడిపోతాంది."

"బ్యాటరీ ముసలిదైపోయింది, అందుకని."

"ముసలిదైంది బ్యాటరీ కాదు టీచరమ్మా..." అని ఆగిపోయాడు.

"మరి నేనా?"

"అయ్యయ్యో, అతుకు గురించి అంటాండా! పేస్టు పూసినారా?"

కాఫీ ఇచ్చాను. అతుకు ఊసు మళ్ళీ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

అతుకు: బాగుంది.

17-7-2009

కొత్త బ్యాటరీ తెచ్చాను. పాత అతుకు విప్పి దీనికి వేశాను. నాలుగుసార్లు పట్టింది. వేసవి పోయినా చేతులకు చెమట తగ్గలేదు, ఐరన్ జారుతోంది.

రెండు గంటల యాభై అయిదు నిమిషాలు నడిచింది. తప్పు బ్యాటరీదే అని తేలింది.

22-7-2009

డబ్బా ఎవరి కోసమని వాణి అడిగింది. ఫిజిక్స్ కోసమని చెప్పాను.

28-7-2009, మంగళవారం

బళ్ళారి నుంచి కబురు వచ్చింది. ఆదివారం, రెండో తారీఖు, పదకొండు గంటలకు పెద్దాయన చూస్తారు. ఒంటిగంటకు ఆయన దగ్గరికి డాక్టరు వస్తాడు, నాలుగు గంటలకు కమిటీ కూర్చుంటుంది. ఆయన ఏదంటే అదే తీర్మానం. ఆదివారం చూడలేకపోతే విగ్రహం వేరేచోటికి లారీ ఎక్కుతుంది.

అల్లుడు ఇంకేదో ఏర్పాటు చేసుకునే ఉంటాడు. వాణి గిన్నె ఒకటి ఉగాది నుంచీ నా దగ్గరే ఉండిపోయింది. అది ఇచ్చి రావాలి. గురువారం వెళ్తాను. డబ్బా కూడా తీసుకెళ్తాను, ఇంట్లో పెట్టి పోతే ఎలుకలు కొరుకుతాయి.

30-7-2009, గురువారం. ఆళ్లగడ్డ.

తొమ్మిదిన్నర బస్సు. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. శిరివెళ్ల దగ్గర ఎక్కిన పెద్దమనిషి దాన్నే చూస్తూ, "మరమరాలా అవ్వా?" అన్నాడు. ఇంటర్‌నెట్టు అన్నాను. శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ దాకా మళ్ళీ మాట్లాడలేదు.

స్టాండులో దిగి ఆటోలో నేరుగా షెడ్డుకే వెళ్ళాను. ఊరు దాటి రెండు కిలోమీటర్లు. రాతి పొడి తెల్లగా అన్నిటి మీదా పడి ఉంది. అల్లుడు పరుగున వచ్చాడు. "రా అత్తా, రా. ఏందిది, గిన్నెతో పాటు మరమరాలు గూడా తెచ్చినావా?"

రజిని రాయి దగ్గర ఉంది. నన్ను చూసింది. వాణి మధ్యలో నిలబడింది, పాపం.

"అమ్మా, అవ్వను నీడలో కూర్చోమను. దుమ్ము పడదు ఆమెకు."

"వాణీ, నేను నిలబడే చూస్తానని చెప్పు."

"మీ ఇద్దరి మధ్య పోస్టు మోసి మోసి నా కాళ్ళు పోతాండాయి," అని వాణి లోపలికి పోయింది.

నిలబడే చూశాను. భుజాలు, చేతులు, ఆయుధాలు అల్లుడి పని, ఎక్కడ చూసినా నిండుగా ఉన్నాయి. ముఖంలో కళ్ళు ఇంకా తెరవలేదు. పెదవి మాత్రం ముగింపుకు వచ్చింది. ఎవరో ఏదో అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధమవుతున్నట్టుంది. రాతిలో అది ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు. రజిని ఉలి ఆనించి సుత్తితో కొడుతోంది. నిమిషానికి అరవై నాలుగు దెబ్బలు. మూడు నిమిషాలు లెక్కపెట్టాను, మూడుసార్లూ అరవై నాలుగే. ఊరికే లెక్కపెట్టాను.

మాటల్లేక ఒక సంవత్సరం నలభై ఆరు రోజులు.

1-8-2009, శనివారం

రాళ్ళు ఎత్తడానికి షెడ్డు ముందు మూడు ఇనుప కాళ్ళ మీద చైను కప్పీ ఉంటుంది ఇక్కడ. రెండు టన్నుల రాయిని లేపే కప్పీకి నా మరమరాల డబ్బా తగిలించి అల్లుడు చైను లాగాడు. పనివాళ్ళందరూ పని మానేసి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. రేకుల కంటే రెండడుగులు పైకి పోయింది. షెడ్డులో రాయి పక్కన ల్యాప్‌టాపులో నాలుగు గీతలు.

"పన్జేస్తాంది అత్తా!" అని అల్లుడు కేక పెట్టాడు. రజిని తలెత్తి డబ్బాను చూసి, నన్ను చూసి, మళ్ళీ రాయి వైపు తిరిగింది.

గంటా నలభై నిమిషాలు నడిపి ఆపాను. 12.3 వోల్టులు. దించేటప్పుడు చైను కుదుపుకు డబ్బా రెండుసార్లు ఇనుప కాలికి తగిలింది. మూత తీసి చూశాను.

అతుకు: బాగుంది. దూరం నుంచి చూశాను.

2-8-2009, ఆదివారం

వరుసగా రాస్తాను.

కరెంటు పది గంటలకే పోయింది. ఆదివారం కోత ఉండదనుకున్నాం. డబ్బాకు కరెంటుతో పని లేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

11-05కి పెద్దాయన తెర మీదికి వచ్చారు. దిండుకు ఆనుకుని, నుదుట విభూతితో, సన్నటి మనిషి. బొమ్మ ఆగి ఆగి వస్తోంది కానీ వస్తోంది.

"నమస్కారం తాతా," అంది రజిని.

"మాటలొద్దు పాపా. పని కానీ."

ఆమె పెదవి కింది గడ్డం నున్న చేయడం మొదలుపెట్టింది. నేను గడియారం పట్టుకుని పక్కన కూర్చున్నాను. అరవై నాలుగు. అరవై నాలుగు. అరవై అయిదు. అరవై నాలుగు.

11-27కి తెర నల్లబడింది.

వాణి మళ్ళీ కలిపింది. కలవలేదు. మళ్ళీ కలిపింది. గాలికి పైన డబ్బా ఊగుతోంది, రూటరు దీపాలు వెలగడం లేదు. అల్లుడు చైను వదిలి కిందికి దించాడు. నేను మూత తీశాను.

ప్లస్ తీగ ఊడి వేలాడుతోంది. టంకం పూస పూసలాగే ఉంది, తీగనూ పట్టుకోలేదు, బ్యాటరీ పట్టీనీ పట్టుకోలేదు. చుట్టూ ఉప్పులాగా తెల్లటి పొడి. కరగని వెలిగారం. నాయన కుంపటి వేడికి అది గాజులా కరిగి పారేది. సోల్డరింగ్ ఐరన్ వేడికి కరగదు. కరగకపోగా టంకానికీ రాగికీ మధ్య అడ్డం కూర్చుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ద్రవీభవన స్థానాలు బోర్డు మీద రాసిన దానిని నేను. ఇరవై అయిదు రోజులుగా అతుకు బాగుందని ఈ పుస్తకంలో రాసిన దానినీ నేనే.

"సోల్డరింగ్ ఐరన్ తేండి," అన్నాను.

"కరెంటు యాడుంది అత్తా? ఊర్లోకి పోయి జనరేటరు తెస్తా."

"తెచ్చేసరికి ఒంటిగంట అవుతుంది."

అప్పుడు రజిని ఉలి కింద పెట్టింది. వాణి వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"అవ్వా, కొలిమి ఉంది గదా."

ఉలులు సానబట్టే కొలిమి. పొద్దున వెలిగించిందే, బొగ్గులు ఎర్రగా ఉన్నాయి.

"రాగి కావాలి," అన్నాను నేను, దానితోనే.

"ఎర్తుకు తెచ్చిన కడ్డీ ముక్క మిగిలింది. ఉండు."

ఐరన్‌కు బదులుగా ఆ కడ్డీని బొగ్గుల్లో పెట్టాం. నేను సంచిలో చేయి పెడితే నాయన బరిణె ముందు తగిలింది. దాన్ని వదిలేసి గురవయ్య రేకు డబ్బీ తీశాను. మూత ఇంతవరకు తీయనేలేదు. గోరు వేసి లాగవలసి వచ్చింది.

పట్టకారుతో కడ్డీ తీసి తీగ దగ్గరికి తెచ్చాను. కొన తీగకు అటు పోతుంది, ఇటు పోతుంది, తీగ మీద మాత్రం నిలవదు. అల్లుడు చూస్తున్నాడు, వాణి చూస్తోంది, పనివాళ్ళు చూస్తున్నారు. పిడి లావు లేదు. చెమట లేదు.

"నా చేయి వణుకుతుంది," అన్నాను. "ఏడాది అయింది. నువ్వు పట్టు."

రజిని పట్టకారు తీసుకుంది.

"ఎట్ల పెట్టాలో చెప్పు. నేను పెడతా."

"ముందు పేస్టు. అంత వద్దు, రవ్వంత. ఇప్పుడు కడ్డీ తీగకు ఆనించు. టంకం కడ్డీకి కాదు, తీగకు చూపించు. తీగ కాగితే అదే లాక్కుంటుంది."

లాక్కుంది. పూస కట్టలేదు. నీళ్ళలా తీగలోకి, పట్టీ మీదికి పారి మెరిసింది.

"కడ్డీ తీయి. తీగ కదిలించొద్దు. పది లెక్కపెట్టు."

"ఆరో తరగతి మాదిరే చెప్తాండావే!"

"లెక్కపెట్టు."

పది దాకా లెక్కపెట్టింది. పైకే, గట్టిగా. దీపాలు వెలిగాయి. రెండో తీగ కూడా పట్టుకుని లాగి చూసి, అదీ ఊడితే, దానికీ వేసింది. ఈసారి నేను ఏమీ చెప్పలేదు.

11-52కి పెద్దాయన మళ్ళీ వచ్చారు.

"ఏమాయ పాపా?"

"అతుకు ఊడింది తాతా. మళ్ళా ఏసినాం."

"సరే. కానీ."

కూర్చుంది. ఉలి ఆనించింది. నేను గడియారం పట్టుకున్నాను. నా గుండె ఎంత కొట్టుకుంటోందో లెక్కపెట్టలేదు. సుత్తి మాత్రం అరవై నాలుగు. అరవై నాలుగు. అరవై నాలుగు.

మిగిలినవి ముప్పై ఎనిమిది నిమిషాలు. ఆయన నలభై రెండు చూశారు.

"చాలు పాపా, ఆపు," అన్నారు చివరికి. "మావాళ్ళు ఆడపిల్ల అని భయపడిరి. నాది ఆ భయం కాదు. చిన్న వయసు, ఏదన్నా తప్పు జరిగితే గాబరాపడి ఇంకో దెబ్బ ఎక్కువ కొడతావేమోనని నా భయం. రాయి మీద పోయింది మళ్ళా రాదు గదా. అది గంటసేపట్లో ఎట్ల తెలుస్తాది అనుకుంటాంటి. నడుమ ఆగిపాయ. మంచిదాయ. ముందు చూసినా, ఆగి వచ్చినాక గూడా చూసినా. అదే చేయి. నాలుగు గంటలకు మావాళ్ళకు చెప్తా. ముఖం నువ్వే ముగించల్ల."

రజిని సుత్తి ఒళ్ళో పెట్టుకుని తల ఊపింది.

"ఇంకోటి. కండ్లు చెక్కే పొద్దు నాకు మళ్ళా చూపించల్ల. ఆ పైన కట్టినారే ఏందో, అది చేసినోళ్ళు ఎవురు?"

"మా అవ్వ."

"ఎంత చదివినాది?"

"ఫిజిక్స్ టీచరు, తాతా."

"అందుకే ఊడింది," అన్నారాయన. షెడ్డంతా నవ్వింది. నేను గంభీరంగా ఉందామనుకున్నాను, కుదరలేదు.

4-8-2009, మంగళవారం. నంద్యాల.

మొన్న ఆదివారం సాయంత్రమే కమిటీ తీర్మానం ఫోనులో చెప్పారు. ముఖం రజినిదే. కళ్ళు శ్రావణం వెళ్ళాక, తారీఖు వాళ్ళే చెబుతారు. ఆ రోజుకు మళ్ళీ వెళ్ళాలి. డబ్బా అక్కడే వదిలేసి వచ్చాను, ఎలుకలు ఉన్నాయో లేవో అడగలేదు.

బస్సెక్కించడానికి రజిని వచ్చింది. నా కుడిచేయి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. "కండ్లు తెరిచే లోపల డాక్టరుకు చూపించుకో. రాకపోతే నేనే వచ్చి ఈడ్చుకపోతా," అంది. నేను దానికి చెప్పవలసినట్టు అదే నాకు చెప్పింది. ఆ కాగితం చింపిన రోజు నేనన్న మాట ఒకటి వెనక్కి తీసుకోవలసి ఉంది. బస్సు కదిలేలోపే తీసుకున్నాను. "సరేలే, బిరీన ఎక్కు," అంది.

దిగీ దిగగానే గాంధీ చౌకుకు పోయి గురవయ్యకు మూత తెరిచిన డబ్బీ చూపించాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వకుండా స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. నవ్వి ఉంటేనే తేలికగా ఉండేది.

వెలిగారం బరిణె నాయన ఫొటో దగ్గర పెట్టాను. దాని తప్పు ఏమీ లేదు.

బ్యాటరీ: 12.2.
నడిచింది: ఆదివారం అన్నీ కలిపి ఒక గంట నాలుగు నిమిషాలు.
అతుకులు: రెండూ రజిని వేసింది. బాగున్నాయి. లాగి చూశాను.
చేయి: వణుకుతుంది. గురువారం డాక్టరు.
మాటల్లేక: ఈ వరుస కొట్టేశాను.